నక్షత్రాల వెలుగును చదివిన వైను బప్పు

మన దేశంలో పుట్టి ప్రపంచ ఖ్యాతి గడించిన శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు. సి.వి. రామన్, శ్రీనివాస రామానుజన్, జగదీశ్ చంద్రబోస్ వంటి వారి పేర్లు మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కానీ హైదరాబాదులో పెరిగి, అక్కడి కాలేజీలోనే చదువుకుని, ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘానికే అధ్యక్షుడైన ఒక మహనీయుని పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయనే డాక్టర్ మనాలి కల్లట్ వైను బప్పు. మన చెవిటికల్లు హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈసారి ఆయన జీవిత విశేషాలను సోదర విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయాలని సంకల్పించాం. గొప్పవాడని పొగిడి వదిలేయకుండా, ఆయన చేసిన పని ఏమిటో, అది ఎందుకు నిలిచిందో కూడా మాకు అర్థమైనంత మేరకు చెప్పడానికి ప్రయత్నిస్తాం.

వేధశాలే ఆటస్థలం

వైను బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి పూర్వీకులది కేరళలోని కన్ననూరు ప్రాంతం. తండ్రి గారు హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. కనుక బప్పు గారి బాల్యం, చదువు అంతా హైదరాబాదులోనే సాగింది.

నిజామియా వేధశాల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. నవాబ్ జఫర్ జంగ్ అనే సంస్థాన ప్రముఖుడు ఖగోళ శాస్త్రం మీద మక్కువతో 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి తన ఎస్టేటులో వేధశాల ఏర్పాటు చేశాడు. ఆయన 1907లో చనిపోయాక నిజాం ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. తరువాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని ప్రపంచ దేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని పంచుకున్నాయి. అందులో ఒక వాటా మన హైదరాబాదుకు వచ్చింది. అక్కడి ఉద్యోగులు ఏళ్ళ తరబడి ఫోటో పలకల మీద ఒక్కొక్క చుక్కనూ కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను పట్టికకు ఎక్కించారు. కంప్యూటరు లేని రోజుల్లో చేత్తో చేసిన పని అది.

నిజాం రాజ్యం అంటే మనకు పరాయిదేమీ కాదు. మన పక్కనున్న పరిటాల కూడా ఆ రోజుల్లో నిజాం ఏలుబడిలోనిదే. ఆ ప్రభుత్వం నడిపిన వేధశాల ఆవరణే బప్పు గారికి ఆటస్థలం. తండ్రితో పాటు రాత్రిళ్ళు టెలిస్కోపు దగ్గర కూర్చుని నక్షత్రాలను చూడడం అలవాటైంది. కొన్ని నక్షత్రాల వెలుగు రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వాటిని చరనక్షత్రాలు అంటారు. నిజాం కాలేజీలో చదువుతున్నప్పుడే బప్పు గారు ఆ చరనక్షత్రాలను గమనించి, వాటి వెలుగు లెక్కలు రాసి, 1946 నాటికే పత్రికల్లో శాస్త్రీయ వ్యాసాలు ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత భౌతిక శాస్త్రంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.ఎస్సీ. పట్టా పొందారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. బప్పు గారు కటిక పేదరికం నుంచి వచ్చిన వ్యక్తి కాదు. ఇంటి పక్కనే టెలిస్కోపు, చెప్పడానికి తండ్రి, చదవడానికి పుస్తకాలు ఆయనకు దొరికాయి. మనలో చాలామంది ఇళ్ళలో పుస్తకం పెట్టుకోవడానికి అలమర కూడా ఉండదు. తెలివి అందరికీ ఉంటుంది, అవకాశం కొందరికే ఉంటుంది. అవకాశం దొరికినవాడు దానితో ఏం చేశాడన్నది చూడాలి. అవకాశం లేనివారికి దాన్ని ఎలా అందించాలన్నది సమాజం ఆలోచించుకోవాలి. మన హాస్టళ్ళు పుట్టింది అందుకే.

స్కాలర్‌షిప్పు మీద హార్వర్డుకు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ మరుసటి సంవత్సరం, 1949లో బప్పు గారు హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పరిశోధన కోసం వెళ్ళారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు విలువ మన హాస్టల్ విద్యార్థులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. సకాలంలో అందిన స్కాలర్‌షిప్పు ఒక మనిషి దారినే మార్చేస్తుంది.

వెళ్ళిన కొద్ది నెలలకే ఒక విశేషం జరిగింది. 1949 జూలై 2వ తేదీ రాత్రి తాను తీసిన ఫోటో పలకను పరిశీలిస్తుంటే, పటాల్లో లేని ఒక మసక చార ఆయన కంట పడింది. అది కొత్త తోకచుక్క. ఉపాధ్యాయుడు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ కలిసి దాన్ని నిర్ధారించారు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. ఇందుకు పసిఫిక్ ఖగోళ సంఘం వారి డోనో పతకం ఆయనకు లభించింది. 1952లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. వెంటనే కార్నెగీ ఫెలోషిప్పు మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలల్లో పనిచేసే అవకాశం వచ్చింది. పాలోమార్‌లోని 200 అంగుళాల టెలిస్కోపు ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దది.

కాల్షియం గీతలో దాగిన రహస్యం

సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఏడు రంగులుగా విడిపోతుందని మనం తొమ్మిదో తరగతిలోపే చదువుకుంటాం. దాన్నే వర్ణపటం అంటాం. జాగ్రత్తగా చూస్తే ఆ రంగుల మధ్య సన్నని నల్లగీతలు వందల సంఖ్యలో కనిపిస్తాయి. ఒక్కొక్క గీత ఒక్కొక్క మూలకం చేసిన సంతకం వంటిది. ఊదారంగు చివర, 3934 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక వెడల్పాటి గీత ఉంటుంది. అది కాల్షియంది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కె గీత. మన ఎముకల్లో ఉండే కాల్షియమే అక్కడ నక్షత్రంలో ఆవిరి రూపంలో ఉండి వెలుగును మింగుతుంది.

సూర్యుని వంటి, సూర్యుని కంటే చల్లని నక్షత్రాల్లో ఈ నల్లగీత నడిమధ్యన మళ్ళీ ఒక సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. నక్షత్రం ఉపరితలానికి కాస్త పైన ఉండే క్రోమోస్ఫియర్ అనే పొర నుంచి అది వస్తుంది. ఓలిన్ విల్సన్ అనే సీనియర్ శాస్త్రజ్ఞునితో కలిసి బప్పు గారు ఈ వెలుగు గీత వెడల్పును కొలవడం మొదలుపెట్టారు. సొంతంగా ఎక్కువ వెలుగు ఉన్న మహా నక్షత్రాల్లో ఆ గీత వెడల్పుగా ఉంది. మసక నక్షత్రాల్లో సన్నగా ఉంది. వెడల్పు రెట్టింపు అయితే నక్షత్రపు అసలు వెలుగు సుమారు 64 రెట్లు ఎక్కువ.

దీని ఉపయోగం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాం. రాత్రి పూట చేను గట్టు మీద నిలబడితే దూరంగా ఒక దీపం కనిపిస్తుంది. అది దగ్గరున్న కిరోసిన్ బుడ్డీయా, దూరంగా ఉన్న పెట్రోమాక్స్ లైటా అన్నది కంటితో చూసి చెప్పలేం. అది ఏ రకం దీపమో తెలిస్తే ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. నక్షత్రాల సంగతీ అంతే. కె గీతలోని వెలుగు వెడల్పు చూసి అది బుడ్డీయో పెట్రోమాక్సో చెప్పవచ్చునని బప్పు, విల్సన్‌లు కనుగొన్నారు. దూరం దానంతట అదే లెక్కకు వస్తుంది.

నాలుగైదు నక్షత్రాలు కొలవగానే వారు ఈ సంగతి ప్రకటించలేదు. 185 నక్షత్రాలను కొలిచారు. వాటిలో మిక్కిలి వెలుగు గలదానికి, మిక్కిలి మసకదానికి మధ్య తేడా సుమారు 10 లక్షల రెట్లు. అంత విశాలమైన పరిధిలోనూ లెక్క తప్పలేదు. అప్పుడు, 1957లో, వ్యాసం ప్రచురించారు. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఇది విల్సన్-బప్పు ప్రభావం అనే పేరుతో నిలిచింది. 1997లో హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన నక్షత్ర దూరాలు వెలువడ్డాక, ఇతర శాస్త్రజ్ఞులు ఆ దూరాలతో దీన్ని మళ్ళీ సరిచూశారు. నలభై ఏళ్ళ తరువాత కూడా ఆ సంబంధం నిలబడింది.

అదే గీత, మరో ప్రశ్న

ఈ కె గీతకే ఇంకొక పెద్ద కథ ఉంది. బప్పు గారు పనిచేసిన మౌంట్ విల్సన్‌లోనే అంతకు ముందు ఎడ్విన్ హబుల్, మిల్టన్ హ్యూమసన్ అనే ఇద్దరు సుదూర గెలాక్సీలను పరిశీలించారు. హ్యూమసన్ గురించి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ఆయన పద్నాలుగేళ్ళకే బడి మానేశాడు. వేధశాల కడుతున్న రోజుల్లో కంచర గాడిదల మీద కొండపైకి సామాను మోశాడు. తరువాత అక్కడే ఊడ్చి తుడిచే పనిలో చేరాడు. రాత్రి సహాయకుడిగా పని నేర్చుకుని, చివరకు శాస్త్రజ్ఞుల వరుసలో చేరాడు. బప్పు గారు అక్కడికి వెళ్ళేనాటికి హ్యూమసన్ ఇంకా పనిచేస్తూనే ఉన్నాడు.

హ్యూమసన్ గెలాక్సీల వర్ణపటాల్లో వెతికింది కూడా కాల్షియం గీతలనే. అవి ఉండవలసిన చోట ఉండవు. ఎరుపు వైపు జరిగి ఉంటాయి. దీన్నే రెడ్ షిఫ్ట్ అంటారు. కంచికచర్ల దగ్గర హైవే పక్కన నిలబడితే, హారన్ కొడుతూ వచ్చిన లారీ మనల్ని దాటగానే ఆ మోత గొంతు తగ్గినట్టు వినిపిస్తుంది కదా. మన నుంచి దూరంగా పోయేదాని శబ్దం అలా సాగుతుంది. వెలుగూ అలాగే సాగి ఎరుపు వైపు జరుగుతుంది. గెలాక్సీల విషయంలో వాటి మధ్య ఉన్న ఆకాశమే విస్తరిస్తూ ఉండడం దీనికి ముఖ్య కారణం. ఎంత దూరాన ఉన్న గెలాక్సీ అంత వేగంగా తొలగిపోతోందని హబుల్ 1929లో ప్రకటించాడు. విశ్వం వ్యాకోచిస్తోందన్న నేటి జ్ఞానానికి అదే పునాది.

తరువాత ఒక వింత వాదన బయలుదేరింది. 1960ల చివర జెఫ్రీ బర్బిడ్జ్ వంటి శాస్త్రజ్ఞులు, క్వాసార్లనే అతి దూరపు వస్తువుల రెడ్ షిఫ్ట్‌లు కొన్ని అంకెల దగ్గర, ముఖ్యంగా 1.95 దగ్గర, గుమిగూడి ఉన్నాయన్నారు. 1970లలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం టిఫ్ట్, గెలాక్సీల రెడ్ షిఫ్ట్‌లను వేగాలుగా మార్చి చూస్తే అవి సెకనుకు 72 కిలోమీటర్ల చొప్పున మెట్లు మెట్లుగా ఉన్నాయన్నాడు. 1990లలో గథ్రీ, నేపియర్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రజ్ఞులు వందకు కాస్త తక్కువగా ఉన్న గెలాక్సీలను తీసుకుని, సెకనుకు 37.5 కిలోమీటర్ల మెట్టు కనబడుతోందన్నారు. హాల్టన్ ఆర్ప్, మన దేశానికి చెందిన జయంత్ నార్లికర్ వంటి పేరున్న వారు సైతం రెడ్ షిఫ్ట్ అంతా వ్యాకోచం వల్లనే వస్తోందా అని గట్టిగా ప్రశ్నించారు.

ఇది చిన్న విషయం కాదు. గెలాక్సీలు ఎక్కడ పడితే అక్కడ, ఏ దూరంలోనైనా ఉండవచ్చు. వాటి రెడ్ షిఫ్ట్‌లు మాత్రం మెట్ల మీదనే ఉంటే, రెడ్ షిఫ్ట్ దూరానికి గుర్తు కాదన్నమాట. అప్పుడు విశ్వం వయసు, పరిమాణం అన్నీ తిరిగి లెక్క వేసుకోవాలి. అందుకే ఎవరూ దీన్ని నవ్వి తోసెయ్యలేదు, కొలిచి చూశారు.

మెట్లు నిజమా, భ్రమా?

పదో తరగతి మార్కుల జాబితాను తీసుకోండి. లెక్కల్లో 32, 33, 34 వచ్చినవారు చాలా తక్కువగా, సరిగ్గా 35 వచ్చినవారు గుట్టగా కనిపిస్తే ఏమనుకోవాలి? మన పిల్లల తెలివి 35 దగ్గర మెట్టు కట్టిందనుకోవాలా? దిద్దిన మాస్టారు దయతలచి ఒకటి రెండు మార్కులు కలిపారని ఎవరైనా గ్రహిస్తారు. అంటే కొన్నిసార్లు కనిపించే మెట్టు కొలిచే వస్తువులో ఉండదు, కొలిచే పద్ధతిలో ఉంటుంది. క్వాసార్లను గుర్తించే పద్ధతిలోనూ అలాంటి చిక్కే ఉంది. వాటి ప్రకాశవంతమైన గీతలు కంటికి కనిపించే రంగుల పరిధిలోకి వచ్చినప్పుడు అవి సులువుగా దొరుకుతాయి. పరిధి దాటినప్పుడు దొరకవు. కనుక కొన్ని రెడ్ షిఫ్ట్‌ల దగ్గర ఎక్కువ, కొన్నింటి దగ్గర తక్కువ కనిపించడం సహజం.

రెండవ చిక్కు, లెక్కించిన సంఖ్య చిన్నది కావడం. వంద చుక్కల ముందు కూర్చుని ఏదో ఒక మెట్టు దొరికేదాకా రకరకాల కొలతలు వేసి చూస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. అది నిజమో కాదో తేలాలంటే, ముందు మెట్టు ఇంత అని చెప్పి, ఆ తరువాత కొత్త కొలతలు తీసుకుని సరిచూడాలి.

సరిగ్గా అదే జరిగింది. ఆస్ట్రేలియాలోని 3.9 మీటర్ల టెలిస్కోపుతో రెండు లక్షలకు పైగా గెలాక్సీల రెడ్ షిఫ్ట్‌లు కొలిచారు. ఆ సర్వే సమాచారం నుంచి 2002లో హాకిన్స్, ఆయన సహచరులు 1,647 గెలాక్సీ-క్వాసార్ జతలను తీసుకుని, మెట్ల వాదులు చెప్పిన అంకెలనే వెతికారు. ఏ మెట్టూ కనిపించలేదు. 2005లో స్లోన్ సర్వే సమాచారంలోని 46 వేలకు పైగా క్వాసార్లను టాంగ్, జాంగ్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అక్కడా కనిపించలేదు. నిజమైన మెట్టు అయితే సంఖ్య పెరిగేకొద్దీ స్పష్టం కావాలి. ఇది మాత్రం సంఖ్య పెరిగేకొద్దీ కరిగిపోయింది.

అలాగని గెలాక్సీల అమరికలో ఏ క్రమమూ లేదనుకోకూడదు. అదే 2005లో స్లోన్ సర్వే వారు, గెలాక్సీల మధ్య దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరాల ఎడం ఉండే జతలు మామూలు కంటే కాస్త ఎక్కువని చూపించారు. విశ్వం పసితనంలో వేడి వాయువులో ప్రయాణించిన శబ్ద తరంగాలు వదిలిన గుర్తు అది. ఎందుకు ఉండాలో సిద్ధాంతం ముందే చెప్పింది. వేలాది గెలాక్సీల్లో వెతికితే దొరికింది. తరువాతి సర్వేల్లో మళ్ళీ మళ్ళీ దొరికింది. అందుకే అది నిలిచింది.

ఈ మెట్ల వివాదం బప్పు గారిది కాదు. అయినా ఆయన జీవితం రాస్తూ దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. రెండు చోట్లా ఉన్నవి వర్ణపటంలో గీతలే. రెండు చోట్లా కొలతల్లో ఒక క్రమం కనిపించిందన్నారు. ఒకటి పరీక్షలన్నీ తట్టుకుని శాస్త్రమైంది. మరొకటి పరీక్షకు నిలబడలేక పక్కకు తప్పుకుంది. టిఫ్ట్ మోసగాడు కాదు, నిజాయితీగా కొలిచినవాడే. కానీ నిజాయితీ ఒక్కటే చాలదు, ఇతరులు కొలిచినా అదే రావాలి.

మళ్ళీ మన దేశానికి

బప్పు గారు ప్రపంచంలో కెల్లా పెద్ద టెలిస్కోపు ఉన్న చోటును వదిలి 1953లో మన దేశానికి తిరిగి వచ్చారు. ఆనాటికి ఇక్కడ నక్షత్ర పరిశోధనకు పనికివచ్చే పెద్ద టెలిస్కోపు లేదు. 1954లో వారణాసిలో కొత్తగా పెట్టిన ఉత్తరప్రదేశ్ రాష్ట్ర వేధశాల బాధ్యతలు స్వీకరించారు. గంగ ఒడ్డున దుమ్ము, మబ్బు ఎక్కువ కనుక దాన్ని 1955లో నైనిటాల్ కొండలకు తరలించడానికి కృషి చేశారు. అదే నేటి ఆర్యభట్ట పరిశోధన సంస్థకు మూలం.

1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరు అయ్యారు. అప్పటికి వయసు 33 లోపే. సూర్యుణ్ణి పరిశీలించడంలో ఆ వేధశాలకు మంచి పేరుంది. కాల్షియం కె గీత వెలుగులో సూర్యుని ఫోటోలు ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల నుంచి అక్కడ రోజూ తీస్తున్నారు. తన పాత స్నేహితురాలైన కె గీతను బప్పు గారు అక్కడ సూర్యునిలో మరింత లోతుగా పరిశీలించారు. నక్షత్రాల గీత వెడల్పుకు కారణం ఏమిటో సూర్యుణ్ణి దగ్గరగా చూస్తే తెలుస్తుందని ఆయన నమ్మకం.

కావలూరు అడవిలో

నక్షత్రాల కోసం కొత్త చోటు కావాలి. ఆయన దక్షిణ భారతంలో కొండలు వెతికి, తమిళనాడులోని జవాది కొండల్లో కావలూరు అనే కుగ్రామాన్ని ఎంచుకున్నారు. చుట్టూ అడవి. పట్నాల వెలుగు సోకదు. భూమధ్యరేఖకు దగ్గర కనుక ఉత్తర ఆకాశంతో పాటు దక్షిణ ఆకాశం కూడా చాలా మేరకు కనిపిస్తుంది. ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు మధ్య అంత విశాలమైన ప్రాంతంలో ఇటువంటి వేధశాల అవసరం ఎంతో ఉంది.

1968లో తమ వర్క్‌షాపులో తయారు చేసుకున్న 15 అంగుళాల టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో జర్మనీ నుంచి ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. ఆ ఏడాదే గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు, దానికి పలుచని వాతావరణం ఉండవచ్చన్న సూచన కావలూరు పరిశీలనల్లో లభించింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పిన వేళ దాని చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది. ఆ రాత్రి దాన్ని పరిశీలించిన వేధశాలల్లో కావలూరు ఒకటి.

1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వయంప్రతిపత్తితో ఏర్పడింది. దాని కార్యస్థానం తరువాత బెంగళూరుకు మారింది. బప్పు గారే దాని తొలి డైరెక్టరు. అప్పుడు ఆయన ఒక సాహసం తలపెట్టారు. 2.34 మీటర్ల టెలిస్కోపును విదేశాల్లో కొనకుండా మన దేశంలోనే తయారు చేయాలన్నది ఆ సాహసం. అద్దాన్ని తమ సంస్థలోనే సానబట్టారు. యంత్రభాగాలను వాల్‌చంద్‌నగర్ ఫ్యాక్టరీలో తయారు చేయించారు. డబ్బు ఇచ్చి కొంటే పని త్వరగా అయిపోయేది. కానీ తయారు చేయడం నేర్చిన మనుషులు మిగిలేవారు కాదు. ఆయన పట్టుదల అంతా ఆ మనుషుల కోసమే.

ఈలోగా 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన ప్రాంతపు పెద్దలు చాలామంది మరచిపోలేదు. ఆ రోజు జనం తలుపులు బిగించుకుని ఇళ్ళలో కూర్చున్నారు. రోడ్లు నిర్మానుష్యం అయ్యాయి. అదే సమయంలో శాస్త్రజ్ఞులు ఎక్కడెక్కడి నుంచో పరికరాలు మోసుకుని గ్రహణ మార్గంలోకి వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ మార్గంలోనే ఉంది. ఒకే ఆకాశం కింద కొందరు భయంతో తలుపు మూశారు, కొందరు ఆశతో టెలిస్కోపు తెరిచారు.

చూడకుండానే వెళ్ళిపోయారు

బప్పు గారికి 1970లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ పురస్కారం లభించాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పాట్రాస్‌లో ఆ సంఘం మహాసభ. అధ్యక్షుడుగా ఆయన అక్కడ ఉండాలి. కానీ గుండె జబ్బుతో జర్మనీలోని మ్యూనిక్‌లో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఆ తరువాత కోలుకోలేక 1982 ఆగస్టు 19న కన్నుమూశారు. మహాసభ జరుగుతుండగానే ఆ వార్త చేరింది. అప్పటికి ఆయన 55 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు.

ఆయన కలలు కన్న పెద్ద టెలిస్కోపు అప్పటికింకా పూర్తి కాలేదు. ఆయన తయారు చేసిన మనుషులు దాన్ని పూర్తి చేశారు. 1985 చివర దానిలో తొలిసారి నక్షత్రపు వెలుగు పడింది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి వేధశాలకు, టెలిస్కోపుకు వైను బప్పు పేరు పెట్టారు. ఒక చిన్న గ్రహానికి కూడా ఆయన పేరుంది. ఆయన పెరిగిన నిజామియా వేధశాలలో ఇప్పుడు నక్షత్ర పరిశీలన లేదు. ఆ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం నడుస్తోంది. బేగంపేట మీదుగా వెళ్ళే మన పూర్వ విద్యార్థులు ఒకసారి ఆ గుమ్మటం వైపు చూడవచ్చు.

మనం గ్రహించవలసింది

సోదర విద్యార్థులారా! మహనీయుల జీవితాలు చదివి మనం కూడా అంతటివారం కావాలని కోరుకోవడం మామూలే. మేము అంత పెద్ద మాట చెప్పం. ఒక చిన్న మాట చెబుతాం. ప్రాక్టికల్స్‌లో లోలకం ప్రయోగం చేసేటప్పుడు కొందరు ముందుగా 9.8 అని జవాబు రాసుకుని, దానికి సరిపోయేలా రీడింగులు వెనక నుంచి పూరిస్తారు. మార్కులు వస్తాయి. కానీ కొలవడం రాదు. కొలిచినప్పుడు 9.5 వస్తే 9.5 అనే రాసి, తేడా ఎందుకు వచ్చిందో వెతకండి. దారం పొడవు సరిగా కొలవలేదా, ఊగులు లెక్కపెట్టడంలో ఒకటి తప్పామా అని చూడండి. 185 నక్షత్రాలను కొలిచినవారు చేసింది ఆ పనే. మెట్లున్నాయో లేదో వేల గెలాక్సీల్లో వెతికినవారు చేసింది కూడా ఆ పనే.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక విన్నపం. ఉద్యోగాల్లో స్థిరపడిన మీరు వార్షికోత్సవానికి ప్రతి ఏడూ ప్లేట్లు, గ్లాసులు, ఫ్యాన్లు ఇస్తున్నారు, సంతోషం. వీలైతే ఈ ఏడాది అందరూ కలిసి ఒక చిన్న టెలిస్కోపు కొని ఇవ్వండి. మన ఊరు కృష్ణా నది దాపున ఉంది. రాత్రి పూట నగరాల్లో కనిపించనన్ని చుక్కలు మన డాబా మీద నుంచి కనిపిస్తాయి. గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రుళ్ళను చూడడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. వాటిలో ఒకటి బప్పు గారి కావలూరు చూసిన గానిమీడ్. రాత్రికి రాత్రి అది ఎంత జరిగిందో మన పిల్లలు నోటుబుక్కులో గీసి, నెల రోజుల్లో అది ఎన్ని రోజులకు ఒకసారి చుట్టి వస్తుందో తామే లెక్కించి చెప్పగలరు. ఏడు రోజుల పైన కొంచెం వస్తుంది. పుస్తకం చూసి కాదు, కొలిచి చెప్పాలి.